పొయ్యిమీద ఒక్క గిన్నె

2014వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము వారు జరిపిన నమూనా నమోదు సర్వేలో, దేశమందలి రాష్ట్రములన్నిటిలోను మాంసాహారులు మిక్కిలిగా గలది తెలంగాణమని తేలినది. పదునైదేండ్లు నిండినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసము, చేప, గ్రుడ్డు వీనిలో ఏదో యొకటి తినువారే. ఆంధ్రప్రదేశము కూడ ఆ వరుసలో దాని చేరువనే నిలిచినది. ఈ అంకెను మాత్రమే చదివి, తెలుగువారి నిత్యభోజనము మాంసమయమని నిశ్చయించువాడెవడైన ఉన్నచో, ఆ పెద్దమనిషి సోమవారమునాటి తెలుగు వంటయింటిలో ఎన్నడును కాలుపెట్టి యుండడు. ఒక ఆదివారపు కోడికూరకును మరుసటి ఆదివారపు కోడికూరకును నడుమ నున్న ఆరు దినములును ఈ జనమును మోయుచున్నవి కందిపప్పును, చింతపండును, గోంగూరయు, వంకాయయు, జాడీలోని ఆవకాయయు, సీసాలోని కారప్పొడియునే. కావున మొక్కలనుండి లభించు ఆహారముతో ఇల్లు గడుపుట ఎట్లను ప్రశ్న మనలో పెక్కుమందికి వ్రతములతోను కులాచారములతోను ముడిపడినది గాదు, గడియారముతో ముడిపడినది.

భార్యాభర్తలిరువురును ఉద్యోగములకు పోవు ఇంట, ఉదయము ఆరు గంటలకు కొళాయి విప్పినది మొదలు ఎనిమిది గంటలకు బడిబస్సు వీధిమొగను హారను కొట్టు వరకు గల రెండు గంటలలో, పాలు కాచుట, పిల్లలను లేపుట, కనబడని సాక్సు వెదకుట, టిఫిను చేయుట, నలుగురకు కారియరులు కట్టుట అను కృత్యములన్నియు ముగియవలెను. అట్టి ఇంటి ఇల్లాలితో శాకపాకముల మహిమను గూర్చి ఉపన్యసించుట సులభము. ఆకు ఒలిచి పెట్టుట కష్టము. తోటకూర కట్టలోని ఇసుక పోవుటకు మూడు నీళ్లు కావలెను. గోరుచిక్కుడుకాయకు ఇరుప్రక్కల ఈనెలు తీయవలెను. అరటిపువ్వు సంగతి చెప్పనే వలదు. కోడిగ్రుడ్డును పెనముమీద పగులగొట్టినచో రెండు నిమిషములలో కథ కంచికి చేరును. ఈ మొర అబద్ధము గాదు. అయినను, ఆలస్యమునకు మూలము మొక్కలలో నున్నదా, లేక పప్పు, కూర, పచ్చడి, చారు నాలుగును ప్రతిదినము ఒక్క ఉదయముననే పుట్టవలెనను మన పట్టుదలలో నున్నదా యని విచారింపవలసి యున్నది. నా తీర్పు రెండవదాని వైపే. పూర్వపు తెలుగిల్లు నాలుగు వంటకములతో అన్నము పెట్టిన మాట నిజమే కాని, ఆ నాలుగును ఆనాడు వండినవి కావు.

ఇందుకు సాక్ష్యము శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లోనే కలదు. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుడు తన గుమ్మము త్రొక్కిన వైష్ణవులకు ఏయే ఋతువున ఏయే భోజనము పెట్టెనో రాయలవారు నోరూరునట్లు వర్ణించిరి. జడివాన పట్టిన నాళ్లలో, ఎండిన నారికేళపు డిప్పలే వంటచెరకుగా, వరియన్నమును, పొట్టుతీసిన పప్పును, నాలుగైదు కూరలును సిద్ధమగును. వాని ప్రక్కన వడియములును, వరుగులును, పెరుగును, నేయియు విస్తరిలోనికి వచ్చును. ఈ పట్టికను వంట తెలిసినవారు చదువవలసిన తీరు వేరు. వడియమును వరుగును వానలో పుట్టునవి కావు. ఎన్నడో ఎండలో ఎండి, కుండలో భద్రముగా కూర్చుండి, అతిథి వచ్చిన క్షణమున నూనెలో ఒక్క మునక వేసి లేచునవి. ఏ వేళ ఎవరు వత్తురో తెలియని ఇంటిలో సగము వంట ముందే జరిగి యుండవలెనను లౌకికము ఆ పదునారవ శతాబ్దపు కావ్యములోని గృహస్థునకు తెలియును. నేటి మన యింటికి అతిథులు రారు కాని, ఆ అతిథుల తొందరతోనే మనము మన యింట భుజించుచున్నాము.

ముందు చేసి దాచుకొనునవి కొన్ని, అప్పటికప్పుడు వండునది ఒకటి. ఈ విభాగము నొప్పుకొన్నచో ఉదయము పొయ్యిమీద ఉండవలసినది ఒక్క గిన్నె. ఆ గిన్నె నిస్సంశయముగా పప్పుది.

పప్పంత ఓర్పుగల పదార్థము మరియొకటి లేదు. దేనితో కలిపినను అది కలియును. వేసవిలో పుల్లని మామిడికాయ, ఆ పిమ్మట దోసకాయ, బీరకాయ, సొరకాయ, చలికాలమున మెంతికూర, చుక్కకూర, ఏ కాలమునందైనను టమాటా, పాలకూర, తోటకూర, బచ్చలి. కోస్తావారు పాయలకూర యనియు తెలంగాణము వారు గంగవాయిలి యనియు పిలుచు ఆ చేలగట్ల కలుపుమొక్క సయితము పప్పులో పడినంతనే పెద్దరికము పొందును. రాయలసీమలో పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి రాగిసంగటి ప్రక్కన పెట్టుదురు. వికారాబాదు జిల్లా తాండూరు నేలలో పండు కందికి 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పప్పు దొరికినవారు రుచిచూచి, ఆ గుర్తింపు తగునో కాదో తామే నిర్ణయించుకొందురు గాక.

నలుగురకు ఒక కప్పు కందిపప్పు చాలును. లేచినవెంటనే కడిగి నానవేసి, స్నానములు ముగియువరకు దానిని మరచిపోవచ్చును. అరగంట నానిన పప్పు కుక్కరులో రెండు మూడు కూతలకే మెత్తబడును. కుక్కరు అడుగున నీరు పోసి, ఒక గిన్నెలో బియ్యము, దానిపై మరియొక గిన్నెలో పప్పు పెట్టినచో అన్నమును పప్పును ఒకే మంటపై దిగును. పాలకూర, తోటకూర వంటి చప్పని ఆకులను తరిగి పప్పుగిన్నెలోనే వేయవచ్చును. గోంగూర, చుక్కకూర, మామిడికాయ, చింతపండు వీని విషయమున మాత్రము జాగ్రత్త వలయును. పులుపు తగిలిన పప్పు త్వరగా ఉడుకదు. పప్పుగింజలోని పెక్టినును ఆమ్లము కరగనీయదు. “ఎంతసేపు ఉడికించినా ఈ పప్పు పలుకుగానే ఉందండీ, కొట్టువాడు పాతపప్పు అంటగట్టాడు” అని వాపోవు ఇండ్లలో పలుమారు దోషము కొట్టువానిది గాదు, ముందే పడిన గోంగూరది. పుల్లని ఆకును చిన్న గిన్నెలో విడిగా మగ్గనిచ్చి, పప్పు మెత్తబడిన పిదప కలిపినచో ఆ కొట్టువాని పరువు దక్కును. భూగర్భజలము మిక్కిలి ఉప్పగానుండు ఊళ్లలో, ఆ నీటిలోని సున్నపు అంశము కూడ పప్పును బిగియజేయును గనుక, వంటకు త్రాగునీరు వాడుట మేలు. ఇక ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, చితుకగొట్టిన వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ వేసిన పోపు పప్పుపై పడి చుయ్‌మని పలుకుటతో పని ముగిసినట్లే.

ప్రతిదినము పప్పేనా యని పిల్లలు ముఖము చిట్లింతురు. దానికి తల్లులకు తెలిసిన ఉపాయమే కలదు. ఉదయము ఒక కప్పునకు బదులు ఒకటిన్నర కప్పు ఉడికించి, పోపు వేయకముందే కొంత తీసి ఫ్రిజ్జులో పెట్టవలెను. సాయంకాలము దానిలో చింతపండు పులుసు, ములక్కాడ, ఉల్లిపాయ, పసుపు వేసి మరిగించినచో అది పప్పుచారు. దానిని ఉదయపు పప్పుగా ఏ పిల్లవాడును గుర్తింపడు. పొయ్యి ముట్టింప మనసొప్పని రాత్రులకు తెలంగాణపు పచ్చిపులుసు కలదు: చింతపండు రసము, సన్నగా తరిగిన ఉల్లి, చిదిమిన పచ్చిమిరపకాయ, ఉప్పు, పిడికెడు నువ్వులపొడి. ఉదయపు అన్నముపై పోసికొని తినువానికి ఆ రాత్రి పొయ్యి వెలుగలేదన్న చింత యుండదు.

ఇచట పరిమాణమును గూర్చి ఒక మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024వ సంవత్సరమున ప్రకటించిన ఆహార మార్గదర్శకములలో దినమునకు రెండువేల కాలరీల భోజనమునకు 250 గ్రాముల ధాన్యములును, 85 గ్రాముల పప్పుధాన్యములును, 400 గ్రాముల కూరగాయలును ఉండవలెనని సూచించినది. గ్రుడ్డో మాంసమో తినువారికి ఆ 85 గ్రాములలోనే అవియు చేరును. ధాన్యము ఇంచుమించు మూడు పాళ్లు, పప్పు ఒక పాలు. బియ్యములో కొరవడిన లైసీను పప్పులో సమృద్ధిగా నున్నది. పప్పులో కొరవడిన మిథియొనీనును బియ్యము సమకూర్చును. కావున పప్పన్నము పేదవాని కూడనుట తగదు. ఒకదాని లోటును మరియొకటి పూడ్చు సంపూర్ణభోజనమది. కాని మన కంచములలో ఈ పాళ్లు అరుదుగా కుదురుచున్నవి. అన్నము కొండంత, పప్పు గోరంత. కూర యైనచో అన్నమునకు రంగు తగులుటకే యన్నట్లుండును. పనివత్తిడి గల ఇంట నిజముగా దిద్దుకొనవలసిన తప్పు ఇదియే. దీనికి అదనపు కాలము పట్టదు, గరిటెను కొంచెము తిరుగవేయుట చాలును.

ముందు చేసి దాచుకొనువానిలో అగ్రతాంబూలము పొడులది. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి, పల్లీపొడి, అవిసెగింజల పొడి, మునగాకు పొడి, ధనియాల కారము: తెలుగుదేశమున ఒక్కొక్క ఇంటి అలమర ఒక్కొక్క పొడికి ప్రసిద్ధము. అమెరికాకు చదువునకై పోవు కుర్రవాని పెట్టెలో సూట్లకంటె ముందు చేరునవి ఇవియే. ఉప్పుతో, కారముతో, నూనెతో అన్నము కలిపి రెండు నిమిషములలో భోజనము ముగింపగల విద్యను ఆ పొట్లములు వానికి నేర్పును. మంచి కందిపొడి చేయుటలో రహస్యమేమియు లేదు గాని, ఓపిక కలదు. కందిపప్పు రెండు కప్పులు, పెసరపప్పు ఒక కప్పు, ఎండుమిరపకాయలు తమతమ నాలుకకు తగినన్ని, జీలకర్ర రెండు చెంచాలు, ఇంగువ, ఉప్పు. పప్పులు రెంటిని వేర్వేరుగా సన్నని సెగపై వేయింపవలెను, ఏలయన చిన్నగింజ ముందు మాడును, పెద్దగింజ లోపల పచ్చిగా నిలుచును. కమ్మని వాసన గదిదాటి వరండాలోనికి పోయినపుడు దింపి, పూర్తిగా చల్లార్చి, కొంచెము పలుకు తగులునట్లు మిక్సీ పట్టవలెను. వేడిమీద పట్టినచో ఆవిరి సీసాలో చేరి పొడి ముద్దకట్టును. నువ్వులు, పల్లీలు విడిగా పట్టినపుడు నూనె విడిచి ముద్దయగును గనుక, వానితో వేయించిన పప్పు ఏదైన కలిపి, మిక్సీని ఆపి ఆపి త్రిప్పవలెను; ఆ నూనె త్వరగా కమరును గావున రెండు వారములకు సరిపడినంతయే చేసికొనుట తెలివి. కందిపొడి నెలయైనను నిలుచును. ఇడ్లీకి, దోసెకు, అన్నమునకు, వేయించిన దొండకాయపై చల్లుటకు, ఉడికించిన బంగాళాదుంపకు అదియే. కూర చేయుటకు తీరిక లేని దినమున ఏ కాయనైనను నూనెలో మగ్గించి రెండు చెంచాల పొడి చల్లినచో దానిని కూర యని పిలుచుటకు ఎవరికిని అభ్యంతరముండదు.

టిఫినుల విషయమున పెసరట్టును మించినది నేనెరుగను. ఇడ్లీపిండి పులియవలెను, దోసెపిండి పులియవలెను. పెసలకు పులియు పనిలేదు. రాత్రి పడుకొనునపుడు పొట్టుపెసలను గుప్పెడు బియ్యముతో నానవేసి, ఉదయము అల్లము, పచ్చిమిర్చితో రుబ్బి వెంటనే పెనముమీద పరచవచ్చును. లోపల ఉప్మా పెట్టి మడిచినచో అది ఎమ్మెల్యే పెసరట్టగును; ఆ పదవి మీకవసరము లేనిచో ఉల్లిముక్కలతో సామాన్యునిగనే తినవచ్చును. ఓరుగల్లు ప్రాంతపు సర్వపిండియు ఇట్టిదే: బియ్యపుపిండి, పల్లీలు, నువ్వులు, నానిన సెనగపప్పు, కరివేపాకు, కారము కలిపి నూనె రాచిన గిన్నెలో తట్టి మూతపెట్టుట. పిల్లల డబ్బాలో చల్లబడినను అది రుచి చెడదు. జొన్నరొట్టె చేతివాటముమీద ఆధారపడినది గనుక కొత్తవారికి తొందర దినములలో దానిని సూచింపను. జొన్నరవ్వ ఉప్మా చాలును. చిరుధాన్యములకు 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంకితము చేసిన నాటినుండి వానిపేర వెలసిన బిస్కట్లను, నూడుల్సును చూచి మోసపోవలదు. అట్టపై జొన్న బొమ్మ యున్నను లోపల మైదా ఎంతయో చదివి మరీ కొనుడు.

ఇక పాల సంగతి. తెలుగు భోజనమునకు భరతవాక్యము పెరుగన్నము. మొక్కల ఆహారమును నిష్ఠగా పాటించువారు పాలు, పెరుగు, నేయి కూడ విడుతురు. ఆ నిష్ఠ అందరకును కావలెనని నేననను. అయినను, పాలు పడనివారును, మానదలచినవారును ఉందురు. వారికి కాల్షియము ఏదియని ప్రశ్న వచ్చును. నూరుగ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ఆవుపాలలో ఆ మాత్రమునకు సుమారు 120. ఈ పోలికను చూపి రాగి పాలకంటె మూడింతలు గొప్పదని చాటువారు కలరు గాని, నూరు గ్రాముల పిండిని ఒక్కమారుగా ఎవడును జావ కాచి త్రాగడు. ముప్పది గ్రాముల పిండితో కాచిన రాగిజావ గ్లాసులో నూటపది మిల్లీగ్రాములు వచ్చును; చిన్నగ్లాసు పాలకు అది ఇంచుమించు సరి. పొట్టుతీయని నువ్వులలో కాల్షియము నూరు గ్రాములకు వేయి మిల్లీగ్రాములు దాటును. నువ్వులపొడిని చిటికెడు గాక చెంచాలతో వేసికొనవలెననుట అందుకే. పెరుగుపచ్చడులకు బదులు కొబ్బరి, పల్లీ, నువ్వుల రోటిపచ్చడులు చాలును. ఆకుకూరలలోని, పప్పులలోని ఇనుము శరీరమునకు పట్టవలెనన్నచో సి విటమిను తోడు కావలెను గనుక, దింపిన పప్పుపై నిమ్మచెక్క పిండుట వట్టి రుచికొరకు గాదు. ఒక్క విషయమున మాత్రము మొక్కలు మనకు సాయపడజాలవు. బి12 విటమిను వానిలో లేదు. పాలు, గ్రుడ్లు సర్వము విడిచినవారు వైద్యునడిగి మాత్రరూపమున దానిని పుచ్చుకొని తీరవలెను; గర్భిణులును, పాలిచ్చు తల్లులును, పిల్లలును ఉన్న ఇంట ఈ మాటను ఉపేక్షింపరాదు.

మాంసపు రుచికి అలవడిన నాలుకల కొఱత తీర్చుటకై బజారున నేడు మొక్కలతో చేసిన నకిలీ మాంసములు, గడ్డకట్టిన పెట్టెలలో దొరకుచున్నవి. వెలయో ఆకాశమున నున్నది. మన కిరాణాకొట్టులో ఎన్నో ఏండ్లుగా మీల్ మేకరు దొరకుచున్నది. ఎండినదానిలో సగమునకు దగ్గరగా మాంసకృత్తులే. వేడినీటిలో నానవేసి, గట్టిగా పిండి, అల్లము వెల్లుల్లి మసాలాతో వండినచో ఆదివారపు కోడికూర పులుసులో లోటు కానరాదు. గోదావరి జిల్లాల పనసపొట్టు కూర రుచికి సాటిలేదు గాని కాయ కొట్టుట సాహసకృత్యము. సంతలో కొట్టి అమ్మువారివద్ద కొన్ననాడే దానిని సులభవంటలలో చేర్చవచ్చును.

జాడీలను, సీసాలను గూర్చి ఇంతగా మురిసితిమి గనుక, ఆ జాడీలు ఎవరి నడుము విరిచి నిండెనో కూడ చెప్పవలెను. మే నెల ఎండలో మేడమీద వడియములు పెట్టినది, ఆవపిండి దంచినది, మునగాకు ఒలిచినది, రోటి ముందు గంటలకొలది కూర్చున్నది అమ్మమ్మలు, నాయనమ్మలు, అత్తలు, కోడండ్రు. మగవాని సులభభోజనము వెనుక ఆడువారి వేసవి యంతయు దాగియుండెను. రుబ్బుటకు గ్రైండరును, దంచుటకు మిక్సీయు వచ్చిన నేడు ఆ శ్రమలో చాలభాగము యంత్రము మోయుచున్నది. మిగిలిన భాగమును మరల ఆమెకే అప్పగించి, శాకాహారము సులభమని సభలలో పలుకుట న్యాయము గాదు. విచిత్రమేమన, శ్రేష్ఠమైన వంటకు మనము పెట్టుకొన్న పేరు నలభీమపాకము. ఇద్దరును పురుషులే, అందొకడు నిషధరాజు, ఒకడు విరాటుని కొలువున వంటవాడుగా ఏడాది గడిపిన మహావీరుడు. ఆ పేరును పెండ్లి శుభలేఖలపై అచ్చువేసి, ఇంట కొడుకును పొయ్యిదరికి రానీయని జాతి మనది. ఆకు ఒలుచుట పదేండ్ల పిల్లవానికి రాని విద్య గాదు. టెలివిజను ముందు కూర్చుండి చేయదగిన పనులలో దానికి మించినది లేదు కూడ. రెండు కట్టల గోంగూర, ఒక కట్ట తోటకూర ఆదివారము సాయంకాలము ఒలిచి, కడుగక, పొడిబట్టలో చుట్టి ఫ్రిజ్జులో నుంచినచో బుధవారము వరకు నిలుచును. ఆకును వండుటకు ముందే కడుగవలెను. తడి ఆకు కుళ్లును.

ఆకు ఎచట కొనవలెననునది ఊరినిబట్టి యుండును. 1999వ సంవత్సరమున ఆరంభమైన రైతుబజార్లు తెలుగు పట్టణములలో నేటికిని నడచుచున్నవి; తెల్లవారకముందు కోసిన ఆకు ఎనిమిది గంటలకు అచట దొరకును. ఫోనులో అంగడి తెరచి పదినిమిషములలో సరకు తెప్పించుకొనువారిని నేను నిందింపను, కాని మూడు దినముల కూరగాయ ఒక్కమారు తెచ్చికొన్న ఇంట ఉదయము “ఈరోజు ఏం వండను?” అను ప్రశ్నయే తలయెత్తదు. ఆ ప్రశ్నకు పట్టు కాలము వంటకు పట్టు కాలముకంటె తక్కువదేమి కాదు.

ఈ పత్రికను మడిచి ప్రక్కన పెట్టిన పిదప, అయ్యలారా, నేటి మధ్యాహ్నము మీరే వంటయింటిలోనికి పొండు. రెండు కప్పుల కందిపప్పు, ఒక కప్పు పెసరపప్పు పైన చెప్పినట్లు సన్నని సెగపై వేయింపుడు. పిల్లలకు గోంగూర కట్టలు అప్పగింపుడు. రాత్రికి పెసలు నానవేయుడు. మీ యింటి ఇల్లాలిని మాత్రము ఆ గదినుండి బయటికి పంపి, కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు. పొడి చల్లారిన తరువాతనే సీసాకెత్తి మూత బిగింపుడు. తడిచెంచా అందులో పెట్టవలదు.